ముహూర్తానికి పెట్టె, మంచు విడిచాక మనుషులు

నా గురించి సభల్లో చెప్పే కథ ఒకటి ఉంది. చిన్నప్పుడు డాబా మీద పడుకుని ఆకాశంలో విమానాన్ని చూశానట. ఆ రోజే పైలట్ కావాలని కలగన్నానట. పెళ్ళి, ఉద్యోగం అడ్డొచ్చి ఆ కలను గుండెల్లో దాచుకున్నానట. చివరికి నేను పాఠాలు చెప్పిన కోచింగ్ కాలేజీ డైరెక్టరుగారు వెన్నుతట్టి ప్రోత్సహిస్తే నడివయసులో రెక్కలు తొడుక్కున్నానట. ఈ కథ చెప్పేది ఆ డైరెక్టరుగారే. మహిళా దినోత్సవానికి నన్ను పిలిచి, శాలువా కప్పి, నా ఎదుటే చెబుతారు. శాలువా భుజం మీద ఉండగా కప్పినవాణ్ణి కాదనడం కష్టం. ఇప్పుడు శాలువా లేదు కాబట్టి చెబుతున్నాను.

మాది పటమటలో పెంకుటిల్లు. డాబా పక్కవాళ్ళది. మా ఇంటి మీదుగా ఎగిరినవి కొంగలు, ఎండాకాలం సెలవుల్లో గాలిపటాలు. ఆ వయసులో నాకున్న కల మంచం పైన ఒక ఫ్యాను. కల మాట అబద్ధం. నన్ను విమానం ఎక్కించింది తగాదా.

మార్కులొచ్చే జవాబు

తొంభైల మొదట్లో విజయవాడలో ఎంసెట్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పేదాన్ని. మా కాలేజీ అచ్చు వేయించిన మెటీరియల్‌లో విమానం ఎందుకు ఎగురుతుందో ఒక పేరా ఉండేది. రెక్క పైభాగం వంపుగా ఉంటుంది కనుక పైనుంచి పోయే గాలికి దూరం ఎక్కువ, కిందిగాలిని అవతలి అంచు దగ్గర కలుసుకోవాలి కనుక అది తొందరగా పరుగెత్తుతుంది అని. పైగాలికీ కిందిగాలికీ అక్కడ కలుసుకుందామని ఒప్పందమేమీ లేదు, ఈ పేరా తప్పు అని నేను స్టాఫ్ మీటింగులో అన్నాను.

డైరెక్టరుగారు నవ్వారు. "సుగుణ మేడమ్, మీరు మార్కులొచ్చే జవాబు చెప్పండి చాలు. విమానం ఎగిరే జవాబు మనకెందుకండీ?"

నేను ఊరుకోలేదు. క్లాసులో ఆ పేరా కొట్టేయించి అసలు సంగతి చెప్పాను. వెనక బెంచీ నుంచి ఒకడు లేచాడు. "మేడమ్, మీరెప్పుడైనా విమానం ఎక్కారా?"

ఎక్కలేదు. తొంభై మంది నవ్వారు. మరుసటి వారం నా టైమ్ టేబుల్ మారింది. మంచి బ్యాచ్‌లు తీసేసి, నాకు పాత పేపర్లు దిద్దే పని అప్పగించారు. రాజీనామా ఇచ్చి, విమానం ఎగిరే జవాబు ఎవరికి కావాలో వాళ్ళ దగ్గరికి వెళ్ళాను. డైరెక్టరుగారు చేసిన ప్రోత్సాహం అదీ.

ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలకు నా మొదటి మాట ఇది. కలలు కని వచ్చినవాళ్ళు మొదటి ఏడాదే వెనక్కి వెళ్ళడం చాలామందిని చూశాను. కలకు వర్షాకాలం పడదు, పరీక్షలు పడవు, ఎండలో విమానం కడగడం అసలే పడదు. తగాదా పెట్టుకుని వచ్చినవాళ్ళు అంత తేలిగ్గా పోరు. పోతే అవతలివాడు నెగ్గుతాడు.

మావారు ప్రభాకర్ ఇబ్రహీంపట్నం పవర్ స్టేషన్‌లో ఇంజనీరు. కాలనీలో అందరూ ఆయన్ని అడిగేవాళ్ళు, "మీ ఆవిడ విమానం నేర్చుకుంటుందటగా, భయంగా లేదాండీ?" అని. "స్కూటర్ నేర్చుకున్నప్పుడు భయమేసిందండీ. ఇప్పుడు కాస్త దూరంగా నేర్చుకుంటోంది" అనేవారు. చర్చిలో పాస్టరుగారు ప్రతి ఆదివారం ప్రార్థనలో "ఆకాశమందున్న మా సహోదరి సుగుణమ్మను" అని మొదలుపెట్టేవారు. ఇంకా నేలమీదే ఉన్నానండీ అని వెళ్ళి చెప్పుకోవాల్సి వచ్చింది.

పెన్సిలు

హైదరాబాదులో ఫ్లయింగ్ క్లబ్బులో చేరేసరికి నాకు ముప్పై ఆరేళ్ళు. నా ఇన్‌స్ట్రక్టర్ నాకంటే చిన్నవాడు. లెక్చరరుకు పాఠం చెప్పడం ఎంత పాపమో అతనికి మొదటి వారంలోనే తెలిసింది. మలుపు తిప్పుతూ ఎత్తు ఎందుకు తగ్గుతున్నానో అతను చెబుతుంటే, గాల్లోనే సూత్రంతో సహా ఎదురు వాదించాను. అతను విని, చాలా మర్యాదగా అన్నాడు, "మేడమ్, పైన ఉన్నప్పుడు ఒక్కరే మాట్లాడాలి. విమానాన్ని మాట్లాడనివ్వండి."

చూస్తే ఎత్తు ఇంకా తగ్గింది.

నా రెండో జబ్బు పట్టు. చాక్‌పీసు పట్టిన చెయ్యి కదా, కంట్రోలుని కూడా బోర్డు మీద అండర్‌లైన్ గీసినట్టు పట్టేదాన్ని. అతను నా వేళ్ళ మధ్య ఒక పెన్సిలు అడ్డంగా దూర్చాడు. మధ్య వేలికి పైన, అటూ ఇటూ వేళ్ళకు కింద. గట్టిగా పడితే వేళ్ళు నలుగుతాయి. ఆ పెన్సిలుతోనే దిగడం నేర్చుకున్నాను. నాకు ఉపన్యాసాలిచ్చిన వాళ్ళందరికంటే ఆ పెన్సిలు మంచి గురువు. అది కారణాలు చెప్పలేదు.

ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్ళకు తెలివి ఎక్కువుంటుందని, ఓర్పు ఎక్కువుంటుందని పత్రికల్లో రాస్తారు. మాకు ఎక్కువుండేది భయం. అదీ పడిపోతామని కాదు. ఇది పోతే మళ్ళీ మొదలుపెట్టే వయసు లేదని. ఇరవై రెండేళ్ళవాడు ఉద్యోగం పోగొట్టుకుంటే ఇంకో ఉద్యోగం వెతుక్కుంటాడు. నలభై దాటిన ఆడమనిషి పోగొట్టుకుంటే, "మేం ముందే చెప్పాం కదమ్మా" అనడానికి ఊరంతా సిద్ధంగా ఉంటుంది. ఈ భయాన్ని గుర్తుంచుకోండి. అసలు కథలో దానికే పని.

మా ఇల్లు ప్రస్థానాల డిపో

పెద్ద కంపెనీలు నా వయసు చూసి దరఖాస్తు మూసేశాయి. పైలట్లు దొరక్క అల్లాడుతున్న ఒక చిన్న చార్టర్ కంపెనీ మాత్రం తెరిచింది. కొన్నేళ్ళు కుడివైపు కో-పైలట్ సీట్లో కూర్చున్నాక ఎడమ సీటు ఇచ్చారు. ఎడమ సీట్లో కూర్చున్న మనిషే కెప్టెన్. వెళ్ళాలో వద్దో చెప్పేది ఆ మనిషే.

మాది ఎనిమిది మంది పట్టే రెండింజన్ల విమానం. ఎక్కేవాళ్ళు నాయకులు, కాంట్రాక్టర్లు, అప్పుడప్పుడు పెళ్ళివారు. శీతాకాలంలో గిరాకీని బట్టి దాన్ని గన్నవరంలో ఉంచేవాళ్ళు.

ప్రయాణికుల మనుషులు ముందు దిష్టి తీసేవాళ్ళు. ముక్కు చక్రం కింద నిమ్మకాయలు పెడితే నాకు అభ్యంతరం లేదు. తొక్కుకుని పోతాం, రసం కారుతుంది, అంతే. పేచీ కొబ్బరికాయ దగ్గరే. ఇంజన్ ముందు పగిలిన చిప్పముక్క, ప్రొపెల్లర్ తిరగడం మొదలయ్యాక తుపాకీ గుండుతో సమానం. ముక్కలన్నీ ఏరేదాకా ఇంజన్ స్టార్ట్ చేయనని కూర్చునేదాన్ని. తెల్ల ఖద్దరు వేసుకున్న పెద్దమనుషులు వరసగా వంగి కొబ్బరిముక్కలేరడం చూశాక ప్రజాస్వామ్యం మీద నాకు నమ్మకం పెరిగింది.

అంతకంటే పెద్ద చిక్కు ముహూర్తం. డెల్టాలో డిసెంబరు, జనవరి ఉదయాలు మీకు తెలుసు. కాలవలు, కోసిన మళ్ళు, నేలంతా తడి. పొద్దు పొడవగానే మంచు పోతుందనుకుంటారు. మా గన్నవరంలో పొద్దు పొడిచాకే చిక్కబడుతుంది. తొమ్మిది దాటాక గాని విడవదు. పంచాంగంలో మంచి ఘడియలు మాత్రం ఎప్పుడూ ఏడింటికే ఉంటాయి.

ఒక నాయకుడుగారు నామినేషన్‌కు ముందు, హైదరాబాదు వచ్చి ఉన్న ఢిల్లీ పెద్దల్ని కలవడానికి వెళ్ళాలి. దుర్ముహూర్తం రాకముందే బయలుదేరాలి. బయట రన్‌వే పక్కన గాలివాటం చూపే గుడ్డగొట్టం కూడా కనబడటం లేదు. ఆయన సిద్ధాంతిగారు గడియారం చూస్తున్నారు. నేను కుదరదంటే నాయకుడుగారి ముఖం నల్లబడింది.

అప్పుడు మా పక్కింటి వరలక్ష్మిగారు గుర్తొచ్చారు. కాలనీలో ఎవరైనా చెడ్డరోజున ఊరెళ్ళాల్సి వస్తే, ముందే మంచి ఘడియలో పెట్టె తీసుకెళ్ళి పొరుగింట్లో పెట్టేవాళ్ళు. దాన్ని ప్రస్థానం అంటారు. ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క. తర్వాత మనిషి ఎప్పుడు వెళ్ళినా దోషం లేదు. ఆ పెట్టెలన్నీ మా ఇంటికే వచ్చేవి. "మీ ఇంట్లో అయితే ఇంకా మంచిదమ్మా, మీకు వర్జ్యాలు లేవుగా" అనేవారావిడ. క్రైస్తవుల ఇల్లు ఆ కాలనీకి ప్రస్థానాల డిపో అయింది.

నాయకుడుగారితో అన్నాను, "మీ పెట్టె ఇప్పుడే విమానంలో పెట్టించండి. ప్రస్థానం అయిపోతుంది. మంచు విడిచాక మీరు ఎక్కుదురుగాని."

సిద్ధాంతిగారు గడియారం వదిలి నావైపు తిరిగారు. "మేడమ్ చెప్పింది శాస్త్రమేనండీ" అన్నారు. పెట్టె పెట్టాక మెల్లగా నా దగ్గరికి వచ్చి, "తమరు ఎవరి తాలూకండీ?" అన్నారు.

"ఎయిర్‌పోర్టు తాలూకండీ."

ఆ తర్వాత ఆ పద్ధతే నాకు ఆచారం అయిపోయింది. ముహూర్తానికి పెట్టె, మంచు విడిచాక మనుషులు. ఎంత మూర్ఖంగా ముహూర్తాన్ని పట్టుకున్నవాడైనా పెట్టెతో శాంతించేవాడు. మూఢనమ్మకాల వల్ల ప్రాణాలు పోతాయని పుస్తకాల్లో చదివాను. నా ఉద్యోగంలో మాత్రం వాటివల్ల కొన్ని నిలిచాయి.

శాస్త్రీయ దృక్పథం

రెండువేల తర్వాత ఒక జనవరి ఉదయం మా విమానం బుక్ చేసుకుని వచ్చినవారు మా డైరెక్టరుగారు. అప్పటికి ఆయనకు నాలుగైదు ఊళ్ళలో కాలేజీలు. హైదరాబాదులో కొత్త బ్రాంచి ప్రారంభానికి వెళ్ళాలి.

"ఏం సుగుణ మేడమ్, రెక్క గురించి ఇంకా తగాదా పడుతున్నారా?"

"లేదండీ. ఇప్పుడు మంచుతో పడుతున్నాను. తొమ్మిదింటిదాకా కూర్చోవాలి."

"అక్కడ మంత్రిగారు కూర్చుని ఉంటారండీ."

పాత అలవాటుకొద్దీ అడిగాను. "ఏదైనా ముహూర్తం ఉందా? పెట్టె లోపల పెట్టించమంటారా?"

"అలాంటివి నేను నమ్మను మేడమ్. నాది సైంటిఫిక్ టెంపర్. నాకు టైమే దేవుడు."

ఆ దేవుడికి ప్రస్థానం లేదు. ఆయన ఫోన్ తీసి మా చీఫ్ పైలట్‌కి కొట్టారు. చలపతిరావుగారు వైమానిక దళంలో చేసి వచ్చినవారు. నాకు ఎడమ సీటు ఇచ్చిన మనిషి ఆయనే. నా పనితీరు చూసి వెళ్ళడానికి ఆ వారం బెజవాడ వచ్చి ఉన్నారు. కాసేపట్లో కారు దిగారు.

"టవర్‌వాళ్ళు ఎంత చెబుతున్నారమ్మా?"

"ఒకసారి చాలినంత కనబడుతోందంటున్నారు, ఒకసారి తగ్గిందంటున్నారు. అలలు అలలుగా వస్తోందండీ."

"చాలినంత ఉన్నప్పుడు వెళ్ళిపోవచ్చుగా. రూల్ ఒప్పుకుంటుంది."

ఇది నిజమే. టవర్‌వాళ్ళు కనబడే దూరం చెబుతారు. ఆ అంకె చాలితే రూల్ అడ్డు చెప్పదు. నిర్ణయం ఎడమ సీటుది.

"వాళ్ళు చాలిందన్న మాటకీ మనం రన్‌వే మీద పరుగు మొదలుపెట్టడానికీ మధ్య ఇంకో అల వస్తే? మధ్యగీత కనబడదు. ఎదురుగా కుక్క ఉన్నా కనబడదు. నేను వెళ్ళనండీ."

"నువ్వు చాక్‌పీసు పట్టుకున్న రోజుల్లో నేను ఇంతకంటే మంచులో దిగానమ్మా."

"అయితే మీరే పట్టుకోండి."

హెడ్‌సెట్ తీసి ఆయన చేతిలో పెట్టాను. పెడుతున్నప్పుడే తెలుసు. నలభై నాలుగేళ్ళ వయసులో, ఉద్యోగం ఇచ్చిన మనిషి ముఖాన, డబ్బిచ్చిన ప్రయాణికుడి ఎదుట చేసిన పని అది. ఆ ఎడమ సీటు పోతే నాకు ఇంకోటి ఎవరూ ఇవ్వరు. నా మాట నిజమని నిరూపణ కావాలంటే విమానం పడిపోవాలి. అలా నిరూపణ కావాలని ఏ పిచ్చిదీ కోరుకోదు. కనుక ఓడిపోవాలనే ప్రార్థన చేసుకున్నాను. మా పాస్టరుగారికి కూడా అలాంటి ప్రార్థన రాదు.

డైరెక్టరుగారు ఎక్కుతూ అన్నారు, "అందుకేనండీ, ఆడ లెక్చరర్లకు నేను టెన్షన్ లేని బ్యాచ్‌లే ఇచ్చేవాణ్ణి."

నా కో-పైలట్ జమీల్ అప్పటికే కుడి సీట్లో ఉన్నాడు. బెజవాడ వన్ టౌన్ కుర్రాడు. వాళ్ళది తాళాల హోల్‌సేల్ వ్యాపారం. ఇంట్లో మొదట విమానం ఎక్కింది వాడే, నడిపిందీ వాడే. ఆ మధ్యే పెళ్ళయింది. కిటికీలోంచి నన్ను చూశాడు. "మేడమ్, మరి నేను..." అన్నాడు.

"దిగాలనిపిస్తే దిగు జమీల్. నీ సీటు సంగతి నేను చెప్పలేను."

"జమీల్, చెక్‌లిస్ట్" అన్నారు చలపతిరావుగారు. వాడు తల తిప్పుకున్నాడు.

ఒక అల కాస్త విడిచింది. టవర్ చాలిందని చెప్పింది. విమానం మంచులోకి వెళ్ళిపోయింది. కళ్ళకు పని లేకపోయింది, చెవులతో చూశాను. ఇంజన్లు పూర్తి శక్తికి లేచాయి. పరుగు మొదలైంది. సగం దూరంలో శబ్దం ఒక్కసారిగా దిగింది. శక్తి తగ్గించే లీవర్లు ఎవరో వెనక్కి లాగినట్టు. ఒక ఊపిరి పాటు అలాగే ఉండి మళ్ళీ లేచింది. అవే లీవర్లు ముందుకు తోసినట్టు. తర్వాత శబ్దం నేల విడిచి పైకి వెళ్ళింది.

తొమ్మిది దాటాక ఎండ వచ్చింది. మంచు ఎప్పుడూ లేనట్టే ఉంది. అంతలో హైదరాబాదులో క్షేమంగా దిగారని కబురొచ్చింది. నేను ఓడిపోయాను.

చక్రానికి నల్లమట్టి

సాయంత్రం విమానం గన్నవరం తిరిగొచ్చింది. చుట్టూ తిరిగి చూడటం నా అలవాటు. ఎడమ చక్రం లోపలి వైపు, బ్రేకు గొట్టం చాటున, నల్లరేగడి గడ్డకట్టి ఉంది. అందులో గడ్డిపరక. తారు మీద పరుగెత్తిన చక్రానికి చేలో మట్టి అంటదు. చక్రం రన్‌వే అంచు దాటింది.

చలపతిరావుగారికి చూపించాను. ఆయన వంగి చూశారు, వేలితో గీకారు.

"హైదరాబాదులో అంటుకుని ఉంటుంది."

"అక్కడ నల్లరేగడి ఎక్కడుందండీ?"

"కడిగించమ్మా" అని వెళ్ళిపోయారు.

ఆ నెలంతా నన్ను కుడి సీట్లో కూర్చోబెట్టారు. కారణం అడిగితే రోస్టర్ అన్నారు. తర్వాతి నెల ఆఫీసు గోడ మీద ఒక నోటీసు వెలిసింది. శీతాకాలంలో గన్నవరం నుంచి తొమ్మిదిన్నరకు ముందు బుకింగులు తీసుకోరాదు, ప్రయాణికుల సౌకర్యార్థం. కింద చలపతిరావుగారి సంతకం. ఆ వారంలోనే నా ఎడమ సీటు నాకు వచ్చింది. మా వృత్తిలో పెద్దవాళ్ళు క్షమాపణ చెప్పరు, రూల్ మారుస్తారు. దాన్ని చదువుకోవడం నేర్చుకోండి.

అయినా ఆ నోటీసుతో నాకు తృప్తి కలగలేదు. వెళ్ళనన్న పైలట్‌కు రుజువు ఉండదు. వెళ్ళి బతికినవాడికి ఎప్పుడూ రుజువు ఉంటుంది, ఎదురుగా నిలబడి కాఫీ తాగుతుంటాడు. ఆ తర్వాత చాలా ఉదయాలు వెళ్ళనన్నాను. అన్న ప్రతిసారీ అవతలివాడి ముఖంలో డైరెక్టరుగారే కనబడ్డారు. ఏటా జరిగే వైద్య పరీక్షలో చెవి తప్పేదాకా ఎగిరాను. ఆ రోజు అంత బాగా విన్న చెవే తప్పింది.

డైరెక్టరుగారు ఆ ప్రయాణం గురించి ఇప్పటికీ పిల్లలకు చెబుతారు. "మంచు చూసి అందరూ ఆగిపోయారు. నేను ఆగలేదు. పట్టుదల ఉంటే ఆకాశమే దారి ఇస్తుంది." పరుగు మొదలైనప్పుడు వెనక సీట్లో ఫోన్లో మాట్లాడుతున్నానని ఆయనే ఆ కథలో చెబుతారు. ఆయన్ను అడిగి లాభం లేదు. చలపతిరావుగారు పోయారు. అంత్యక్రియలకు వెళ్ళాను, అడగడానికి ఆలస్యమైంది.

మిగిలింది జమీల్. ఆ ఏడాదే ఉద్యోగం మానేసి తాళాల కొట్లో కూర్చున్నాడు. అబ్బాజాన్‌కు ఆరోగ్యం బాగోలేదన్నాడు. ఆ తండ్రి నిన్నమొన్నటిదాకా రోజూ కొట్టుకు వచ్చేవారు. వన్ టౌన్ వెళ్ళినప్పుడల్లా వాడి కొట్టు మెట్లెక్కుతాను. స్టూలు వేస్తాడు, చాయ్ తెప్పిస్తాడు.

"జమీల్, ఆ రోజు రన్‌వే మీద ఏం జరిగింది?"

"ఏం జరిగింది మేడమ్, టేకాఫ్ అయ్యాం. చాయ్ చల్లారిపోతోంది."

"నల్లమట్టి నేను చూశాను."

"మీ గేటుకి తాళం ఎలా ఉంది మేడమ్? తుప్పు పడితే చెప్పండి, మంచిది వచ్చింది."

పోయినసారి మాత్రం తాళం గురించి మాట్లాడలేదు. తన చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. ఎవరో బేరానికి వచ్చారు, లేచాడు.

జమీల్, లాగింది నువ్వే అయితే, ఆ ఉదయం వద్దన్నది నేనొక్కదాన్నే కాదు. ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలకు నా పేరు పక్కన నీ పేరు కూడా చెప్పాలి. లాగింది చలపతిరావుగారే అయితే, నాతో వాదించిన మనిషికి కూడా నేను చూసిందే కనబడిందని, కనీసం నాకొక్కదానికి తెలియాలి. తోసింది ఎవరన్నది అంతకంటే ముఖ్యం. అంచు దాటాక ఆగడం ప్రమాదమని తెలిసి తోశారా, ఆగితే పరువు పోతుందని తోశారా అన్నది ఆ చేతికే తెలుసు.

నువ్వు చెప్పకపోతే చెప్పేవాళ్ళు ఇక లేరు. జమీల్, ఆ లీవర్లు వెనక్కి లాగిన చెయ్యి ఎవరిది? మళ్ళీ ముందుకు తోసిన చెయ్యి ఎవరిది?